దొంగతనం తరువాత ఇల్లు విడిచిపెట్టాలా? నల్లగొండలో సీసీ కెమెరాల సేవతో 14 నెలలు

నల్లగొండలో దేవరకొండ రోడ్డు వైపు ఉన్న ఒక కాలనీలో మాకు 150 గజాల స్థలంలో సొంత ఇల్లు ఉంది. 2024 నవంబరు 30, కార్తీక అమావాస్య రాత్రి మేము నలుగురమూ చెరువుగట్టు జడల రామలింగేశ్వర స్వామి దర్శనానికి వెళ్లాము. మొక్కు ప్రకారం అక్కడే నిద్ర చేసి తెల్లవారి తిరిగి వచ్చేసరికి, గేటు తాళం వేసింది వేసినట్టే ఉంది గాని లోపలి తలుపు గొళ్ళెం ఊడి వేలాడుతోంది. ఆ తరువాత పదకొండు రోజులకు పట్టణంలోని ఒక దుకాణం వారి చేత నాలుగు సీసీ కెమెరాలు పెట్టించుకున్నాము. ఈ సమీక్ష ఆ కెమెరాల గురించి, వాటిని బిగించి ఏడాదిపాటు చూసుకుంటామని ఒప్పందం రాసిచ్చిన ఆ దుకాణం సేవ గురించి. కొన్నప్పుడు దొంగ దొరుకుతాడన్న ఆశతో కొన్నాము. ఆ పనికి అవి అంతగా ఉపయోగపడలేదు. ఈ ఇల్లు విడిచి వెళ్లిపోవాలా వద్దా అన్నది తేల్చుకోవడానికి మాత్రం బంధువుల సలహాలు గాని, కాలనీ పెద్దల మాటలు గాని ఇవ్వలేనిది అవి ఇచ్చాయి.

పోయిన వస్తువుల కంటే ఆ ఉదయం ఇల్లు కనబడిన తీరు మమ్మల్ని ఎక్కువగా కలవరపెట్టింది. బీరువాలోని పట్టుచీరలను ఒక్కొక్కటిగా మడత విప్పి మంచం మీద కుప్ప పోశారు. వంటింట్లో బియ్యం డ్రమ్మును బోర్లించి, కందిపప్పు, మినపపప్పు డబ్బాలను కూడా ఆ బియ్యం మీదే కుమ్మరించారు. ఇళ్లలో బంగారం ఎక్కడెక్కడ దాస్తారో వాళ్లకు బాగా తెలుసు. దేవుడి అరలో యాదగిరిగుట్టకని కట్టి పెట్టిన పసుపు గుడ్డ ముడుపును విప్పి, చిల్లర నాణేలను అక్కడే వదిలి నోట్లు మాత్రం తీసుకుపోయారు. మొత్తం మూడున్నర తులాల బంగారం, పద్దెనిమిది వేల రూపాయల నగదు పోయాయి. మా అమ్మ ఆ మధ్యాహ్నమంతా నేల మీద కూర్చుని చాటలో బియ్యాన్ని, పప్పులను వేరు చేస్తూనే ఉంది. అంతా వేరు చేశాక వాటిని వండుకోవడానికి మాత్రం ఒప్పుకోలేదు.

పోలీసులు ఫోన్ చేసిన గంటలోపే వచ్చారు. క్లూస్ టీం వారు బీరువా తలుపు మీద పొడి చల్లి వేలిముద్రలు తీసుకున్నారు. 2024 జూలై 1 నుంచి పాత ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది కనుక కేసు దాని 305, 331 (ఇంట్లోకి చొరబడటం) సెక్షన్ల కింద నమోదైంది. నివాస గృహంలో దొంగతనానికి 305 కింద ఏడేళ్ల వరకు శిక్ష ఉంది. ఎఫ్‌ఐఆర్ ప్రతిని ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలని, దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా తెలియజేయాలని, దర్యాప్తు పద్ధతిని నిర్దేశించే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత చెబుతోంది. ఆ రెండూ మా విషయంలో జరిగాయి. బంగారం మాత్రం ఇప్పటికీ దొరకలేదు. గృహరుణంతో పాటు తీసుకున్న బీమా ఆదుకుంటుందని అనుకున్నాము. అది 2021లో వచ్చిన భారత్ గృహ రక్ష పాలసీ. అగ్నిప్రమాదమో వరదో సంభవించినప్పుడు దాని వెంట ఏడు రోజుల్లోపు జరిగిన దొంగతనానికే అది వర్తిస్తుంది, మామూలు దొంగతనానికి విడిగా బీమా తీసుకోవాలి. గృహరుణం ఉన్నవారు తమ పాలసీ కాగితాలను ఈ ఒక్క విషయం కోసమైనా చదువుకోవాలని కోరుతున్నాను.

ఆ వారంలోనే ఇల్లు మారే మాట వచ్చింది. నా భార్య అన్నగారు వనస్థలిపురంలో ఉంటారు. మా జిల్లా వాళ్లు హైదరాబాద్ చేరితే స్థిరపడేది ఎక్కువగా ఎల్బీ నగర్, వనస్థలిపురం, హయత్‌నగర్ ప్రాంతాల్లోనే కనుక అక్కడ మాకు తెలిసిన కుటుంబాలు చాలా ఉన్నాయి. "ఆ గల్లీల రాత్రి ఎనిమిదైతే మనిషి కనబడడు, ఆడపిల్లను పెట్టుకొని ఎట్ల ఉంటరు బావా?" అని ఆయన అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. మా అమ్మ ఆ మాటకు ఎదురు ప్రశ్న వేసింది: "హైదరాబాదుల దొంగలు లేరా బిడ్డా? కట్టుకున్న ఇల్లు ఇడిసిపెట్టి కిరాయింట్ల ఉండాల్నా?" నేను ఇక్కడి ప్రభుత్వ జూనియర్ కళాశాలలో అధ్యాపకుడిని, హైదరాబాద్‌లో కాపురం పెడితే రోజూ రానుపోను 200 కిలోమీటర్లు తిరగాలి. ఇల్లు అమ్ముదామని ఒక మధ్యవర్తిని అడిగితే, దొంగలు పడ్డ ఇల్లని తెలిసి అతడు చుట్టుపక్కల ధర కంటే గజానికి రెండు వేలు తక్కువ చెప్పాడు. హైదరాబాద్ రోడ్డులో వాచ్‌మన్ ఉన్న అపార్టుమెంటుకు అద్దెకు వెళ్లడం మూడవ మార్గం. ఈ మూడింటి గురించి మేము ఎన్నిసార్లు మాట్లాడుకున్నా, చివరికి ఎవరికి వారు ఆ ఆదివారం ఉదయం చూసిన బియ్యం కుప్పనే తలుచుకుని మాట్లాడాము. మా వీధి రాత్రిపూట నిజానికి ఎలా ఉంటుందో మాలో ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఆ వేళకు అందరమూ నిద్రలో ఉంటాము.

కెమెరాల విషయానికి వస్తే, 2 మెగాపిక్సెల్ బుల్లెట్ కెమెరాలు మూడు, వరండాలో డోమ్ కెమెరా ఒకటి, దృశ్యాలను రికార్డు చేసే నాలుగు చానెళ్ల డీవీఆర్ పెట్టె, ఒక టెరాబైట్ హార్డ్ డిస్క్, కేబులు, బిగింపు కూలి అన్నీ కలిపి 24,800 రూపాయలు అయింది. ఇద్దరు కుర్రవాళ్లు వచ్చి ఒక్క రోజులో పని ముగించారు. కేబులు ఎక్కడా బయటికి వేలాడకుండా పైపులో నడిపించారు. టీవీ పక్కన పెట్టమని నేను చెప్పిన డీవీఆర్‌ను, "దొంగలు పోతపోత దాన్ని సుత ఎత్తుకపోతరు సార్" అని చెప్పి, వంటింటి సజ్జ మీద గాలి ఆడే చిన్న పెట్టెలో అమర్చారు. పాస్‌వర్డ్‌ను నా చేతనే పెట్టించి, తమ ఫోన్లలో తెరిచిన యాప్‌ను నా ఎదుటనే తొలగించారు. అడగకుండానే ఇంత జాగ్రత్త తీసుకున్నందుకు ఆ కుర్రవాళ్లకు పూర్తి మార్కులు ఇస్తాను.

లోపాలు వాడుతున్న కొద్దీ బయటపడ్డాయి. మొదటిది ఎత్తు. గేటు కెమెరాను చేతికి అందకూడదని స్లాబు అంచున, దాదాపు 11 అడుగుల ఎత్తున బిగించారు. అంత పైనుంచి చూస్తే వచ్చినవారి నడినెత్తి, భుజాలు కనిపిస్తాయి గాని ముఖం కనిపించదు. టోపీ పెట్టుకున్నవారైతే టోపీ ఒక్కటే కనిపిస్తుంది. ఎనిమిది అడుగుల దగ్గర ఉంటే ముఖం పడుతుంది. రెండవది నిల్వ. నెల రోజుల రికార్డు ఉంటుందని దుకాణంలో చెప్పారు. నాలుగు కెమెరాలు రాత్రింబవళ్లు నడిస్తే మా డిస్క్‌లో 15 రోజులకు మించి నిలవలేదు, ఆ పైన పాతది చెరిగిపోతూ కొత్తది ఎక్కుతుంది. వంద మంది, అంతకు మించి ఒకేసారి చేరే దుకాణాలు, సంస్థలు 30 రోజుల దృశ్యాలను భద్రపరచాలని 2013లో వచ్చిన ప్రజా భద్రత చట్టం చెబుతోంది. ఇళ్లకు ఆ నిబంధన లేకపోయినా, సెలవులకు నెల రోజులు ఊరెళ్లే కుటుంబాలకు అంత నిల్వ అవసరమే. మూడవది కరెంటు. మా వైపు ఇళ్లకు మీటరు బాక్సు బయటి గోడకే ఉంటుంది. ఎవరైనా మెయిన్ స్విచ్ దించితే నాలుగు కెమెరాలూ ఒకేసారి ఆగిపోతాయని ఫిబ్రవరిలో గాలివానకు కరెంటు పోయిన రాత్రి గాని మాకు తట్టలేదు. మరునాడే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి డీవీఆర్‌ను, ఇంటర్నెట్ రౌటర్‌ను ఇన్వర్టర్ లైనుకు కలిపించుకున్నాము. దీనికి అయిన ఖర్చు 600 రూపాయలు. బిగించిన రోజే దుకాణం వారు ఈ పని చేసి ఉండవలసింది.

నన్ను ఎక్కువగా విసిగించినది సాలెపురుగు. రాత్రిపూట కెమెరా చుట్టూ కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలుగుతాయి. పురుగులు అక్కడికి చేరుతాయి, పురుగుల కోసం సాలెపురుగు వచ్చి అద్దానికి అడ్డంగా గూడు కడుతుంది. ఆ ఒక్క పోగు తెర మీద తాడంత లావున తెల్లగా మెరుస్తూ గాలికి ఊగుతుంది. ఊగిన ప్రతిసారీ ఇంటి ముందు ఏదో కదిలిందని ఫోన్ మోగుతుంది. జనవరిలో ఒక రాత్రి 43 సార్లు మోగింది. నా భార్య మూడు రాత్రులు సరిగా నిద్రపోలేదు, ప్రతిసారీ లేచి తెర చూసి, గూడేనని తెలిసినా మళ్లీ గడియ వేసి ఉందో లేదో చూసి వచ్చి పడుకునేది. ఇప్పుడు వారానికి ఒకసారి పొడవాటి కర్రకు మెత్తటి బట్ట చుట్టి తుడుస్తున్నాము. ఏడాది నిర్వహణ ఒప్పందంలో మూడు నెలలకు ఒకసారి శుభ్రం చేస్తామని రాసి ఉంది. మూడు నెలలకు ఒకసారి తుడిస్తే ఈ సమస్య తీరదు.

ఎదురింటి అమ్మతో వచ్చిన ఇబ్బందిని కూడా చెప్పాలి. ఆమె సాయంత్రం వేళ తన అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుచుకుంటుంది. కెమెరాలు పెట్టిన నాలుగో రోజున వచ్చి, "సారూ, మీ కెమెరా మా అరుగు దిక్కే సూస్తుంది, బయట కూసోవాలంటే బుగులైతుంది" అని చెప్పింది. దొంగల భయంతో మేము పెట్టుకున్నది ఆమెకు కొత్త భయం తెచ్చిందని వినగానే బాధ కలిగింది. ఫోన్‌లో ఆ దృశ్యాన్ని ఆమెకు చూపిస్తూ, ఆమె చాలు అనేదాకా కెమెరాను జానెడు పక్కకు తిప్పించాము. కెమెరాలు పెట్టించుకునేవారు బిగించేటప్పుడే ఎదురింటివారిని పిలిచి చూపిస్తే మంచిది.

ఇక అసలు సంగతి. దొంగతనం తరువాత మా కాలనీ వాట్సాప్ గ్రూపులో రాత్రులు ప్రశాంతంగా గడవలేదు. చెడ్డీ గ్యాంగ్ దిగిందని ఒకరు, తెల్ల కారు తిరుగుతోందని ఒకరు, గోడ దూకిన చప్పుడు విన్నామని మరొకరు రాసేవారు. మా వీధి పేరుతో ఏ సందేశం వచ్చినా, మరునాడు ఉదయం నేను ఆ సమయానికి రికార్డు తిప్పి చూసి, పాత డైరీలో తేదీ వేసి రాసుకోవడం మొదలుపెట్టాను. 14 నెలల్లో అటువంటివి 19 నమోదయ్యాయి. వాటిలో నిజంగా నేరం జరిగినవి రెండు: ఒకటి మా పక్కింటి బండిలో పెట్రోలు తీసుకుపోవడం, రెండవది వెనక గల్లీలో తాళం వేసిన ఇంట్లో దొంగలు పడటం. తెల్ల కారు మూడు వీధుల అవతల అద్దెకు దిగిన డాక్టరు గారిది. రాత్రి డ్యూటీ ముగించుకుని ఆయన రెండు గంటలకు వస్తారు. గోడ దూకింది పిల్లి.

చెడ్డీ గ్యాంగ్ అన్న దృశ్యం మాత్రం ఇప్పటికీ నా మనసులో ఉంది. డిసెంబరు చలిలో, తెల్లవారుజామున 5 గంటల 10 నిమిషాలకు ఆరుగురు మా గేటు ముందు నుంచి నడిచి వెళ్లారు. తల, ముఖం కలిపి తువ్వాళ్లు చుట్టుకున్నారు, చేతుల్లో ఏవో సంచులు ఉన్నాయి. పట్టుకుని నాలుగు తగిలించాలని గ్రూపులో ఒకరు రాస్తే, కర్రలు పట్టుకుని వస్తామని నలుగురు బదులిచ్చారు. ఆ దృశ్యాన్ని ఆపి, పెద్దది చేసి చూస్తే సంచుల్లో ఉన్నవి సద్దిగిన్నెలు. ఆ ఆరుగురిలో నలుగురు ఆడవాళ్లు. పత్తి ఏరడానికి పోయే కూలీలు, ఆటో ఎక్కడానికి మెయిన్ రోడ్డుకు వెళ్తున్నారు. నేను ఆ చిత్రాన్ని గ్రూపులో పెట్టి, వివరం రాసి, ఎవరూ బయటికి వెళ్లవద్దని బతిమాలాను. మరునాడు వాళ్లు అదే వేళకు మళ్లీ నడిచి వెళ్లడం చూసేదాకా నా ప్రాణం కుదుటపడలేదు.

వెనక గల్లీ దొంగతనం 2025 జూలైలో జరిగింది. వాళ్లు మా మూల మీదుగా వెళ్లినట్టు రాత్రి 2 గంటల 17 నిమిషాలకు మా కెమెరాలో పడింది: ఒక బండి, ఇద్దరు మనుషులు. బండి నెంబరు ప్లేటు ఉన్నచోట హెడ్‌లైటు వెలుగుకు తెల్లటి మచ్చ తప్ప ఏమీ లేదు. వెనక కూర్చున్నవాడు ఒకసారి తల ఎత్తాడు గాని పైన చెప్పిన ఎత్తు కారణంగా మంకీ క్యాప్ మాత్రమే పడింది. పోలీసులు ఆ దృశ్యాన్ని పెన్‌డ్రైవ్‌లో తీసుకున్నారు. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేయాలి. దాన్ని రాసేటప్పుడే మా డీవీఆర్ గడియారం 11 నిమిషాలు ముందు నడుస్తోందని బయటపడింది. ఆ తేడాను కాగితం మీద వివరంగా రాసి సంతకం చేయవలసి వచ్చింది. సమయాన్ని ఇంటర్నెట్ నుంచి దానంతట అదే సరిచేసుకునేలా పెట్టే ఏర్పాటు డీవీఆర్‌లోనే ఉంది. కుర్రవాళ్లు దాన్ని పెట్టలేదు, నేను చూసుకోలేదు.

నిర్వహణ సేవ మధ్యస్థంగా ఉంది. వేసవిలో వరండా కెమెరా ఆగిపోయినప్పుడు ఫోన్ చేసిన ఆరు రోజులకు వచ్చారు. అడాప్టర్ మార్చడానికి పది నిమిషాలు పట్టింది. దొంగతనం జరిగిన ఇంటివారికి ఆరు రాత్రులు ఎంత పొడవో దుకాణం వారు ఆలోచించాలి. వచ్చినప్పుడు మాత్రం మర్యాదగా మాట్లాడారు, ఒప్పందంలో ఉన్న భాగాలకు అదనంగా డబ్బు అడగలేదు. గత డిసెంబరులో ఒప్పందాన్ని కొనసాగిస్తూ, రెండు రోజుల్లో రావాలన్న షరతు రాయించుకున్నాను. గేటు కెమెరాను ఎనిమిది అడుగులకు దించారు, దాని స్థానంలో రాత్రి కూడా రంగుల్లో చూపే కెమెరాను, డీవీఆర్‌లో రెండు టెరాబైట్ల డిస్క్‌ను పెట్టారు. వీటికి మరో 9,200 రూపాయలు అయింది. ఇప్పుడు గేటు దగ్గర నిలబడినవారి ముఖం రాత్రి కూడా స్పష్టంగా పడుతోంది.

డైరీలోని ఆ 19 పేజీలు మా ఇంట్లో మాట తీరును మార్చాయి. అంతకుముందు "ఈ కాలనీ మంచిది కాదు" అని మొదలయ్యే చర్చ, ఏ గంటకు, ఏ మూలలో, ఎందుకు ప్రమాదం అన్న దానికి చేరింది. రెండు నేరాలూ అర్ధరాత్రి ఒంటిగంటకు, మూడు గంటలకు మధ్య జరిగాయి. దొంగలు పడ్డవి, మా ఇంటితో కలిపి, రెండూ తాళం వేసిన ఇళ్లు. రెండింటికీ పక్కనే సర్కారు తుమ్మ పెరిగిన ఖాళీ ప్లాటు ఉంది, వీధి దీపం వెలగని స్తంభం ఉంది. స్తంభాల నెంబర్లు రాసి, తేదీలతో సహా మున్సిపల్ కార్యాలయంలో దరఖాస్తు ఇచ్చిన మూడు వారాలకు దీపాలు వెలిగాయి. ప్లాటు యజమాని మిర్యాలగూడలో ఉంటారు. దృశ్యాలు పంపి అడిగితే తుమ్మ కొట్టించారు. ప్రజల సొమ్ముతో వీధుల్లో కెమెరాలు పెట్టించే పోలీసుల 'నేను సైతం' కార్యక్రమం కింద కాలనీ మలుపులో రెండు కెమెరాలకు ఇంటింటా కొంత వేసుకున్నాము. మిగిలిన బంగారాన్ని బ్యాంకు లాకరులో పెట్టాము. లాకరులో దొంగతనం జరిగితే ఏడాది అద్దెకు వంద రెట్ల వరకే బ్యాంకు బాధ్యత అని రిజర్వు బ్యాంకు నియమం, అయినా ఇంట్లో ఉంచితే ఆ మాత్రం హామీ కూడా లేదు కదా.

మేము ఇక్కడే ఉండాలని నిర్ణయించుకున్నాము, కనీసం మా అమ్మాయి పదవ తరగతి పరీక్షలు రాసేదాకా. ఈ నిర్ణయం నలుగురిదీ ఒకటే అని చెప్పలేను. నా భార్య ఇప్పటికీ వెళ్లిపోవడమే మేలని అంటుంది. బీరువాను పరాయి చేతులు తాకాయన్న సంగతి ఏ కెమెరా చూపించినా పోదని ఆమె చెప్పిన మాటకు నేను ఎదురు చెప్పలేదు. ఫలితాలు వచ్చాక ఇంటర్మీడియట్ ఎక్కడ చదివించాలన్న దానితో పాటు ఈ సంగతి మళ్లీ మాట్లాడుకుంటాము. అయితే ఆ రోజు వెళ్లినా, భయపడి తక్కువ ధరకు అమ్ముకుని పోము.

పరికరాలకు ఐదుకు నాలుగు, బిగింపుకు మూడు, నిర్వహణకు రెండున్నర ఇస్తాను. ఇదే పరిస్థితిలో ఉన్న కుటుంబాలు ఇల్లు అమ్మకానికి పెట్టే ముందు ఆరు నెలలైనా తమ వీధిని ఇలా గమనించి, రాసి పెట్టుకోవాలని నా మనవి.

మొన్నటి పుష్య అమావాస్యకు, దొంగతనం తరువాత మొదటిసారి, నలుగురమూ మళ్లీ చెరువుగట్టుకు వెళ్లాము. వెళ్లే ముందు స్టేషన్‌లో చెప్పి, బీటు తిరిగే కానిస్టేబుల్ గారికి ఇల్లు చూపించి, ఎదురింటి అమ్మకు తాళం చెవి ఇచ్చాము. గుట్ట మీద చాప పరుచుకుని పడుకున్నాక, రాత్రి రెండున్నరకు నా భార్య ఫోన్ వెలుగు చూసి మెలకువ వచ్చింది. తెర మీద మా గేటు, వెలుగుతున్న వీధి దీపం, గేటు దాటి వెళ్తున్న బీటు కానిస్టేబుల్ బండి కనిపించాయి. ఆమె ఆ బండి మలుపు తిరిగేదాకా చూసి, ఫోన్‌ను తల కింద పెట్టుకుని, అటు తిరిగి పడుకుంది.